పాత టేకు, కొత్త గోడ: భిన్న శైలులు ఒకే ఇంట్లో ఎలా ఇముడుతాయి?

హైదరాబాద్ పాతబస్తీలో, చార్మినార్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో చౌమహల్లా ప్యాలెస్ ఉంది. 18వ శతాబ్దంలో మొదలైన ఆ నిర్మాణం ఐదో నిజాం అఫ్జలుద్దౌలా పాలనలో, 1857–69 మధ్య పూర్తయింది. అందులోని ఖిల్వత్ ముబారక్ దర్బారు హాల్లో నిలబడితే మొఘల్ తరహా తోరణాలు, సున్నంతో తీర్చిన లతలు, పాలరాతి వేదిక, పైనుంచి వేలాడే 19 బెల్జియం షాండ్లియర్లు ఒకే చూపులో పడతాయి. దక్షిణ ప్రాంగణంలోకి వెళ్తే ఐరోపా నియోక్లాసికల్ పద్ధతిలో కట్టిన మహళ్లు కనిపిస్తాయి. ఇన్ని దేశాల పద్ధతులు ఒకచోట చేరినా అక్కడ ఏదీ అతికించినట్టు అనిపించదు.

మన ఇళ్లలో పరిస్థితి వేరు. ఊళ్లో మండువా లోగిలి పంచుకున్నాక వాటాకు వచ్చిన భోషాణం, పట్టెమంచం, పడక్కుర్చీ లారీ ఎక్కి నగరంలోని ఫ్లాటుకు చేరతాయి. అక్కడ అప్పటికే తెల్లటి విట్రిఫైడ్ టైల్స్, ఫాల్స్ సీలింగ్, బూడిద రంగు సోఫా, మెరిసే లామినేట్ వేసిన టీవీ యూనిట్ ఉంటాయి. పెట్టి చూస్తే ఎక్కడో కుదరదు. కొన్నాళ్లకు భోషాణం బాల్కనీలోకి, అక్కడి నుంచి పాత సామాన్ల దుకాణానికి వెళ్లిపోతుంది. ‘మ్యాచ్ కాలేదు’ అన్న ఒక్క మాటతో మూడు తరాలు చూసిన వస్తువు ఇల్లు దాటుతుంది.

ఆ మాట వెనుక ఉన్నది అభిరుచి ఒక్కటే అనుకుంటే పొరపాటు. కన్ను వస్తువులను ఎలా గుంపులు కడుతుంది, మెదడు రంగును ఎలా లెక్కగడుతుంది, పాదం చల్లదనాన్ని ఎలా గుర్తిస్తుంది, చెవి గది పరిమాణాన్ని ఎలా పసిగడుతుంది అన్న ప్రశ్నలకు గత రెండు వందల ఏళ్లలో శాస్త్రజ్ఞులు చాలా జవాబులు వెతికారు. వాటిని పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విషయం తేలుతుంది. సంప్రదాయం, మోడరన్, విక్టోరియన్, స్కాండినేవియన్ అనే పేర్లు కేటలాగులకు కావాలి, కంటికి అక్కర్లేదు. కన్ను వెతికేది పోలికలను. వస్తువుల మధ్య ఒకటో రెండో గట్టి పోలికలు దొరికితే మిగతా తేడాలన్నీ అందంగా మారతాయి. దొరక్కపోతే ఖరీదైన వస్తువులు కూడా సామాన్ల గోదాములా కనిపిస్తాయి.

కన్ను ముందు గుంపులు కడుతుంది

మన చూపులో నిజంగా స్పష్టంగా కనిపించే భాగం చాలా చిన్నది. చెయ్యి చాపి బొటనవేలి గోరును చూస్తే అది ఎంత మేర ఆక్రమిస్తుందో, దాదాపు అంతే. సుమారు 2 డిగ్రీలు. అందుకే కన్ను సెకనుకు మూడు, నాలుగు సార్లు ఒక చోటి నుంచి మరో చోటికి దూకుతూ ఉంటుంది. ఆ ముక్కలన్నిటినీ కలిపి ‘ఇదీ గది’ అని మెదడు ఒక చిత్రం తయారుచేసుకుంటుంది. ప్రతి వస్తువునూ విడివిడిగా లెక్కపెట్టే తీరిక దానికి లేదు. కాబట్టి వాటిని గుంపులుగా చేస్తుంది.

ఏ ఆధారంతో చేస్తుంది? జర్మన్ మనస్తత్వవేత్త మాక్స్ వెర్ట్‌హైమర్ 1923లో ప్రచురించిన పత్రం ఈ ప్రశ్నకు పునాది రాయి. చుక్కలు, గీతలతో చేసిన సులువైన బొమ్మలతో ఆయన కొన్ని నియమాలను చూపించారు. దగ్గరగా ఉన్నవి ఒక గుంపు. ఒకేలా ఉన్నవి ఒక గుంపు. ఒకే గీత కొనసాగింపులా ఉన్నవి ఒక గుంపు. గెస్టాల్ట్ సిద్ధాంతంగా పేరుపడిన ఈ ఆలోచన నేటికీ దృశ్య విజ్ఞానంలో నిలిచి ఉంది. 1992లో అమెరికన్ శాస్త్రజ్ఞుడు స్టీఫెన్ పామర్ దానికి మరో నియమం చేర్చారు. ఒకే హద్దు లోపల ఉన్నవాటిని కన్ను ఒక కుటుంబంగా చూస్తుంది, అవి ఒకదానికొకటి పోలిక లేనివైనా సరే.

ఇంట్లో ఈ చివరి నియమం చేసే పని అంతా ఇంతా కాదు. ఒక పడక్కుర్చీ, ఒక కొత్త సోఫా, ఒక ఇత్తడి పళ్లెం పెట్టిన చిన్న బల్ల తెల్లటి టైల్స్ మీద విడివిడిగా ఉంటే మూడు వేర్వేరు కాలాలకు చెందిన మూడు వస్తువులు. వాటి కింద ఒక ఏలూరు తివాచీ గానీ వరంగల్ జంపఖానా గానీ పరిచి, మూడింటి ముందు కాళ్లైనా దాని మీదకు వచ్చేలా జరిపితే అవి ఒక కూటమి. వస్తువులేవీ మారలేదు, వాటి చుట్టూ ఒక హద్దు ఏర్పడింది. అంతే.

ఖిల్వత్ ముబారక్ రహస్యం కూడా ఇక్కడే ఉంది. తోరణం ఒక సంస్కృతిది, షాండ్లియర్ మరో సంస్కృతిది. కానీ తోరణం ఒక్కటే లేదు, వరసగా ఉంది. షాండ్లియర్ ఒక్కటే లేదు, పంతొమ్మిది ఉన్నాయి. ఒక్క వింత వస్తువు పరాయిదిగా కనిపిస్తుంది. అదే మళ్లీ మళ్లీ కనిపిస్తే మెదడు దాన్ని ఆ చోటి లక్షణంగా స్వీకరిస్తుంది. దానికి తోడు హాలంతా రెండు వైపులా సమతూకంగా ఉంది, గోడల నుంచి పైకప్పు దాకా లేత రంగులే పరుచుకున్నాయి. కొలత, క్రమం, రంగు అనే మూడు పోలికలు రెండు ఖండాల తేడాను మోస్తున్నాయి.

మన హాలుకు పంతొమ్మిది షాండ్లియర్లు అక్కర్లేదు. ముదురు టేకు ఒక్క భోషాణంలోనే ఉంటే అది ఒంటరి. అదే ముదురు టేకు ఎదుటి గోడ మీద ఒక ఫొటో చట్రంలోనూ, కిటికీ పక్కన ఒక స్టూలు కాళ్లలోనూ కనిపిస్తే మూడు చోట్ల మూడు ఆనవాళ్లు. చూపు వాటి మధ్య తిరుగుతూ గదిని కుట్టేస్తుంది.

రంగు ఒంటరిగా కనిపించదు

ఫ్రాన్స్‌లో గోబెలాఁ అనే రాజాస్థానపు తివాచీ, చిత్రవస్త్రాల కార్ఖానా ఉండేది. 1824లో రసాయన శాస్త్రజ్ఞుడు మిషెల్ షెవ్రోల్ అక్కడి అద్దకాల విభాగానికి అధిపతి అయ్యారు. నల్ల నూలు రంగు సరిగా పడటం లేదని ఆయనకు ఫిర్యాదులు వచ్చాయి. నీలం, ఊదా నూలు పక్కన నేసినప్పుడు నలుపు వెలిసిపోయినట్టు కనిపిస్తోందని నేతగాళ్ల బాధ. షెవ్రోల్ ఆ నూలును వేరే చోట్ల తయారైన నల్ల నూలుతో పోల్చి చూశారు. అద్దకంలో లోపం లేదు. పక్కనున్న రంగే నలుపును మార్చి చూపిస్తోంది. ఒక రంగు తన పొరుగు రంగు మీద తన వ్యతిరేక వర్ణపు ఛాయ వేస్తుందన్న ఈ సంగతిని ఆయన 1839లో పెద్ద గ్రంథంగా వెలువరించారు. ఆ తరవాతి చిత్రకారుల మీద దాని ప్రభావం ఎంతో ఉంది.

మన టేకు విషయంలో దీన్ని రోజూ చూడవచ్చు. టేకు రంగులో నారింజ ఛాయ ఉంటుంది. నీలి బూడిద రంగు గోడ ముందు పెడితే ఆ నారింజ ఇంకా ఎర్రగా, వెచ్చగా పైకి తేలుతుంది. పసుపు కలిసిన క్రీమ్ గోడ ముందు పెడితే చప్పబడుతుంది. మెరిసే తెల్ల గోడ ముందు పెడితే అసలు కంటే నల్లగా, బరువుగా కనిపిస్తుంది. పాత బీరువా ‘గదిని మింగేస్తోంది’ అనిపించడానికి చాలా ఇళ్లలో కారణం బీరువా కాదు, దాని వెనకున్న తెల్ల గోడ. ఆ ఒక్క గోడకు మధ్యస్థమైన మట్టి రంగో ఆకుపచ్చ కలిసిన బూడిద రంగో వేస్తే బీరువా బరువు సగం తగ్గినట్టు ఉంటుంది.

రంగును కొలవడానికి అమెరికన్ చిత్రకారుడు ఆల్బర్ట్ మన్సెల్ 1905లో ఒక పద్ధతి ప్రకటించారు. ప్రతి రంగుకూ మూడు లక్షణాలు ఉంటాయన్నారు. ఏ వర్ణం అన్నది ఒకటి. ఎంత లేత, ఎంత ముదురు అన్నది రెండోది. ఎంత గాఢం అన్నది మూడోది. భిన్న శైలులను కలపాలనుకునేవారికి ఈ మూడింటిలో మొదటిది అన్నిటికంటే తక్కువ అవసరం. ఎరుపు, నీలం, ఆకుపచ్చ ఏవైనా కలవవచ్చు, వాటి గాఢత ఒకే స్థాయిలో ఉంటే. తగాదా వచ్చేది గాఢతల మధ్య తేడా ఎక్కువైనప్పుడే. మెత్తటి కలంకారీ ఎరుపు పక్కన ప్లాస్టిక్ కుర్చీ ఎరుపు పెట్టి చూస్తే ఇది అర్థమవుతుంది. రెండూ ఎరుపే, కానీ పొసగవు.

సహజ రంగులు వాడే మన చేతిపనులు ఒకదానితో ఒకటి ఇట్టే కలిసిపోవడానికి కారణం కూడా ఇదే. శ్రీకాళహస్తి కలంకారీలో నలుపు ఇనుప తుక్కు, బెల్లం పులియబెట్టిన నీటి నుంచి వస్తుంది. గుడ్డను కరక్కాయ, పాలతో తయారుచేస్తారు. ఎరుపుకు పటికతో పాటు చెట్ల వేళ్లు, నీలానికి నీలిమందు. ఏటికొప్పాక బొమ్మలు అంకుడు కర్ర మీద లక్క రంగులతో మెరుస్తాయి. సహజ అద్దకాల్లో సాధారణంగా ఒకే అణువు కాకుండా కొన్ని పదార్థాల కలయిక ఉంటుంది. అందువల్ల ఆ రంగు 1856లో విలియం పెర్కిన్‌తో మొదలైన రసాయన అద్దకాలంత పదునుగా ఉండదు, కాస్త అణిగి ఉంటుంది. అణిగిన రంగులు పక్కవాటిని ఓర్చుకుంటాయి.

మట్టి రంగుల సంగతి ఇంకా ఆసక్తికరం. మన వీధి అరుగుల మీద పూసే జాజు, రెడాక్సైడ్ గచ్చు, ఇటుక, పెంకు, కుండ అన్నిటికీ ఎరుపునిచ్చేది ఐరన్ ఆక్సైడే. స్పెయిన్, ఇటలీ ఇళ్లలో పరిచే టెర్రకోట పలకల ఎరుపుకూ అదే కారణం. మధ్యధరా శైలి ఇంటి ఫొటోలో మన ఊరి కుండ పెట్టినా తేడా కనిపించదంటే ఆశ్చర్యం లేదు. రెండూ ఒకే ఖనిజపు బిడ్డలు. ఈ రంగు కుటుంబాన్ని వంతెనగా వాడుకుంటే దూరదేశపు వస్తువును కూడా మన ఇంట్లోకి తేలిగ్గా తెచ్చుకోవచ్చు.

దీపం మారితే కర్ర మారుతుంది

షోరూములో నచ్చిన సోఫా ఇంటికొచ్చాక నచ్చకపోవడానికి ముఖ్య కారణం వెలుతురు. బల్బు డబ్బా మీద ‘కె’ అక్షరం ముందు ఒక అంకె ఉంటుంది. 2700 అంటే పాత బల్బు లాంటి పసుపు కాంతి. 4000 అంటే మధ్యస్థం. 6500 అంటే నీలం కలిసిన తెల్లటి పగటి కాంతి. మన ఇళ్లలో ట్యూబ్‌లైట్ అలవాటు వల్ల 6500 ఎక్కువగా కనిపిస్తుంది. ఆ కాంతిలో నీలం వాటా ఎక్కువ, ఎరుపు వాటా తక్కువ. టేకు, ఇత్తడి, కలంకారీ, తాండూరు పసుపు రాయి అన్నీ ఎరుపు, పసుపు కాంతినే ఎక్కువగా తిప్పి పంపుతాయి. తిప్పి పంపడానికి అసలు ఆ కాంతే సరిగా అందకపోతే అవి పాలిపోయి కనిపిస్తాయి. తెల్ల లామినేట్, స్టీలు మాత్రం ధగధగలాడతాయి. అంటే ఆ దీపం కింద పాతవి ఓడిపోతాయి, కొత్తవి గెలుస్తాయి. గదిలో రెండూ సమానంగా నిలవాలంటే 2700 నుంచి 4000 మధ్య దీపాలు మేలు.

రెండో అంకె సీఆర్‌ఐ. వస్తువుల రంగును దీపం ఎంత నిజాయితీగా చూపిస్తుందో చెప్పే సూచిక ఇది. పాత తంతి బల్బుకు ఇది 100కు చేరువ. సాధారణ ఎల్‌ఈడీలు చాలావరకు 80 దగ్గర ఉంటాయి, 90 దాటినవి కూడా దొరుకుతాయి. తక్కువ సీఆర్‌ఐ దీపాలు ముఖ్యంగా ముదురు ఎరుపుల దగ్గర తడబడతాయి. అందుకే పాత కర్ర వస్తువులున్న గదిలో 90 దాటిన దీపం పెట్టడం పాలిష్ చేయించడంతో సమానం.

ఇంకో చిక్కు కూడా ఉంది. రెండు వస్త్రాలు ఒక దీపం కింద ఒకే రంగులో కనిపించి, మరో దీపం కింద వేరుగా కనిపించవచ్చు. దీన్ని మెటామెరిజం అంటారు. సోఫా గుడ్డ, కర్టెన్ గుడ్డ అంగట్లో జోడించి చూసి కొనేస్తే ఇంట్లో ఈ తేడా బయటపడుతుంది. గుడ్డ ముక్క తెచ్చుకుని పగలు కిటికీ దగ్గర, రాత్రి దీపం కింద చూసిన తరవాతే కొనాలి.

గది చిన్నదైతే వస్తువు పెద్దదవుతుంది

మండువా ఇంట్లో చావడి ఈ చివర కూర్చుంటే ఆ చివర భోషాణం కనిపించేది. ఒక మీటరు వెడల్పున్న పెట్టెను 6 మీటర్ల దూరం నుంచి చూస్తే అది మన చూపులో సుమారు 9.5 డిగ్రీలు ఆక్రమిస్తుంది. అదే పెట్టెను ఫ్లాటు హాల్లో 3 మీటర్ల నుంచి చూస్తే దాదాపు 19 డిగ్రీలు. పెట్టె పెరగలేదు, కంటిలో దాని బొమ్మ రెండింతలైంది. ‘ఊళ్లో బాగుండేది, ఇక్కడ బాలేదు’ అన్న మాటలో ఇంత లెక్క ఉంది.

దీనికి విరుగుడు పెట్టెను పారేయడం కాదు, చోటు మార్చడం. తలుపు తెరవగానే ఎదురయ్యే చోట కాకుండా, గదిలో ఎక్కువసేపు కూర్చునే చోటికి అన్నిటికంటే దూరపు గోడ దానికి ఇవ్వాలి. పక్కన పెద్ద వస్తువు మరొకటి ఉండకూడదు. చుట్టూ ఖాళీ గోడ కనిపించాలి. పాత వస్తువుల పైఅంచు, పక్కనున్న కొత్త వస్తువుల పైఅంచు ఒకే వరసలోకి తెస్తే వెర్ట్‌హైమర్ చెప్పిన కొనసాగే గీత ఏర్పడుతుంది. భోషాణం ఎత్తూ, దాని పక్కనున్న టీవీ బల్ల ఎత్తూ ఒకటైతే రెండు కాలాలు ఒకే గీత మీద నిలబడతాయి.

పాదం, చెవి ఇచ్చే తీర్పు

గది నచ్చిందా లేదా అన్నది కన్ను ఒక్కటే తేల్చదు. ఒకే గదిలో, ఒకే ఉష్ణోగ్రతలో ఉన్న గ్రానైటు బండ చల్లగా, టేకు పలక వెచ్చగా తగులుతాయి. థర్మామీటరుకు రెండూ ఒకటే. తేడా అల్లా అవి మన చర్మం నుంచి వేడిని లాక్కునే వేగంలో ఉంది. 33 డిగ్రీల చర్మం 26 డిగ్రీల గ్రానైటును తాకితే ఆ తాకిన చోట ఉష్ణోగ్రత సుమారు 28కి పడిపోతుంది. అదే టేకును తాకితే 31 దగ్గర నిలుస్తుంది. మన ఎండలకు తాండూరు బండలు, కడప బండలు పరిచిన పెద్దలు ఈ లెక్క వెయ్యకుండానే ఫలితం తెలుసుకున్నారు. నడిచే చోట రాయి, కూర్చునే చోట, చెయ్యి ఆనించే చోట కర్ర పెట్టారు. ఏ శైలి తెచ్చుకున్నా ఈ పంపకం చెడగొట్టకూడదు. గాజు, స్టీలు డైనింగ్ టేబుల్‌కు చెక్క కుర్చీలు వేస్తే చూపుకూ, ఒంటికీ రెండింటికీ హాయి.

ఇక చెవి. 1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో కొత్తగా కట్టిన ఒక ఉపన్యాస మందిరంలో మాటలు అర్థం కాకుండా ప్రతిధ్వనించేవి. దాన్ని సరిచేసే పని వాలెస్ సాబిన్ అనే యువ భౌతిక శాస్త్ర అధ్యాపకుడికి అప్పగించారు. ఆయన రాత్రిపూట పక్కనున్న థియేటర్ నుంచి కుర్చీల మెత్తలు మోయించి తెచ్చి, ఎన్ని మెత్తలు పెడితే ధ్వని ఎంత త్వరగా అణుగుతుందో కొలిచారు. గది పరిమాణం పెరిగితే మోత పెరుగుతుంది, ధ్వనిని పీల్చుకునే ఉపరితలం పెరిగితే మోత తగ్గుతుంది అన్న సూత్రం అలా పుట్టింది.

ఆ సూత్రాన్ని మన హాలుకు వేసి చూద్దాం. 5 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు. టైల్స్, ప్లాస్టరు గోడలు, ఖాళీ గది. ఇవి ధ్వనిలో 3 శాతమే పీల్చుకుంటాయనుకుంటే మోత ఆగడానికి 3 సెకన్లకు పైగా పడుతుంది. మెత్తటి సోఫా, మందపాటి కర్టెన్లు, తివాచీ కలిసి పీల్చే శక్తిని ఐదింతలు పెంచితే అది సెకనులో మూడింట రెండు వంతులకు దిగుతుంది. మినిమలిస్టు పద్ధతి పేరుతో గదిని బోసిగా వదిలేసినవాళ్ల ఇళ్లలో టీవీ శబ్దం గోలగా ఉండటానికి కారణం ఇదే. ఇక్కడ భిన్న శైలులు కలపడం అవసరంగా మారుతుంది. ఉత్తర ఐరోపా తరహా నిరాడంబరమైన గదికి మన జంపఖానా, పరుపు వేసిన దివాన్, అల్లికల గుడ్డ అలంకారంతో పాటు నిశ్శబ్దాన్ని కూడా ఇస్తాయి. గోడకు అంటించినట్టు బిగించిన పల్చటి కలంకారీ గుడ్డ ధ్వనిని పెద్దగా పీల్చదు. దాన్ని గోడకు కాస్త ఎడంగా, వెనుక మందపాటి గుడ్డ వేసి వేలాడదీస్తే ఫలితం ఉంటుంది.

కర్ర కదులుతుంది

పాత కొత్తల కలయికలో కంటికి కనిపించని ప్రమాదం ఒకటుంది. కర్ర గాలిలోని తేమను బట్టి ఉబ్బుతుంది, ముడుచుకుంటుంది. గాలిలో తేమ 30 శాతం ఉంటే కర్ర తన బరువులో సుమారు 6 శాతం నీటిని పట్టి ఉంచుతుంది. తేమ 80 శాతానికి చేరితే అది 16 శాతానికి పెరుగుతుంది. విశాఖ, కాకినాడ తీరంలో తరాలుగా ఉన్న మంచాన్ని రోజంతా ఏసీ నడిచే గదిలో పెడితే అది పొడిబారి ముడుచుకోవడం మొదలుపెడుతుంది. టేకు ఈ విషయంలో చాలా నెమ్మది. అయినా 30 సెంటీమీటర్ల వెడల్పున్న పలక తేమ మార్పులకు 2 నుంచి 4 మిల్లీమీటర్ల దాకా కదలవచ్చు. కదలికంతా పలక వెడల్పులోనే ఉంటుంది, పొడవులో లెక్కకు రాదు.

మన వడ్రంగులకు ఇది బాగా తెలుసు. పాత తలుపు చూడండి. చుట్టూ చట్రం, మధ్యలో పలక. ఆ పలకను చట్రంలోని గాడిలో వదులుగా కూర్చోబెడతారు, బంక వేసి బిగించరు. వానాకాలం ఉబ్బినా, ఎండాకాలం ముడుచుకున్నా దానికి చోటుంటుంది. ఇప్పుడు కొందరు పాత చెక్కడపు తలుపును ముక్కలు చేసి ఎండీఎఫ్ బోర్డు మీద బంకతో అతికించి గోడకు అలంకారంగా పెడుతున్నారు. కర్ర కదులుతుంది, బోర్డు దానిలా కదలదు, మధ్యలో చెక్కడం నిలువునా చీలుతుంది. పాత పలకను కొత్త బోర్డుకు బిగించాలంటే మధ్యలో ఒక్క చోటే గట్టిగా పట్టించి, అంచుల్లో మరలకు పొడవాటి రంధ్రాలు వదలాలి. ఈ ఒక్క జాగ్రత్త వందేళ్ల పనితనాన్ని కాపాడుతుంది.

ఏసీ గాలి నేరుగా తగిలే చోట పాత కర్ర ఉంచకూడదు. వార్నిష్ తేమ రాకపోకలను నెమ్మదింపజేస్తుంది గానీ ఆపదు. లోపల, వెనుక, అడుగున కూడా పూత వేయిస్తే రెండు వైపులా ఒకే వేగంతో తేమ కదిలి పలక వంగకుండా ఉంటుంది.

కొత్తదనం ఎంత, పరిచయం ఎంత?

పోలికలు కావాలన్నాం. మరి అన్నీ ఒకేలా ఉంటే? షోరూములోని సెట్టును ఉన్నదున్నట్టు తెచ్చి పెట్టిన ఇల్లు కొన్నాళ్లకే విసుగు పుట్టిస్తుంది. కళానుభూతిని ప్రయోగాలతో పరిశీలించిన డేనియల్ బెర్లైన్ 1971లో వెలువరించిన గ్రంథంలో దీనికి ఒక వివరణ ఉంది. కొత్తదనం, సంక్లిష్టత పెరిగేకొద్దీ ఇష్టం పెరుగుతుంది, ఒక స్థాయి దాటాక తగ్గుతుంది. ఆ తరవాతి ప్రయోగాలన్నీ ఈ సూత్రాన్ని ఒకేలా సమర్థించలేదు. అయినా మరీ సాదా అయినది, మరీ సంక్లిష్టమైనది రెండూ అలసట కలిగిస్తాయన్న మూల ఆలోచన ఇళ్ల విషయంలో మన అనుభవానికి దగ్గరగా ఉంది. దానికి మూడేళ్ల ముందు, 1968లో, రాబర్ట్ జాయెన్స్ అనే మనస్తత్వవేత్త ఒక వస్తువును పదేపదే చూడటమే దాని పట్ల ఇష్టాన్ని పెంచుతుందని చూపించారు. కొత్తగా చేసిన మార్పు మొదటి వారం నచ్చకపోతే వెంటనే తీసేయకుండా కొన్నాళ్లు ఉంచి చూడమనడానికి ఇది ఆధారం.

ఎక్కువైపోయిందని ఎలా తెలుస్తుంది? అమెరికాలోని ఎంఐటీలో రూత్ రోసెన్‌హోల్ట్స్ బృందం దృశ్యపు చిందరవందరను కొలిచే పద్ధతిని 2007లో వివరించింది. వారి ఆలోచన చాలా సూటిగా ఉంటుంది. ఒక దృశ్యంలో కొత్త వస్తువును చేర్చినప్పుడు అది ఇట్టే కంట పడటం ఎంత కష్టమో, ఆ దృశ్యం అంత చిందరవందర. గదిలో ఈ పరీక్ష చేయవచ్చు. ఒక ఎర్రటి రుమాలును ఎక్కడో ఒక చోట పెట్టి, ఇంట్లోవాళ్లను తలుపు దగ్గర నిలబడి వెతకమనండి. వెంటనే దొరికితే గదికి ఇంకో వస్తువును భరించే ఓపిక ఉంది. దొరక్కపోతే ఇప్పటికే నిండిపోయింది.

ఇంటి వస్తువుల విలువ గురించి మరో అధ్యయనం తప్పక చెప్పుకోవాలి. మిహాయ్ చిక్‌సెంట్‌మిహాయ్, యూజీన్ రోచ్‌బర్గ్-హాల్టన్ షికాగో ప్రాంతంలో 82 కుటుంబాలకు చెందిన 315 మందిని ‘మీ ఇంట్లో మీకు ప్రియమైన వస్తువులేవి, ఎందుకు’ అని అడిగి, ఆ జవాబులను 1981లో పుస్తకంగా తెచ్చారు. వస్తువు ఎంత ఖరీదైనదన్న దానికంటే అది ఎవరిని గుర్తుచేస్తుంది, ఏ అనుబంధాన్ని మోస్తుంది అన్నదే వారి మాటల్లో ముందుకొచ్చింది. శైలి కుదరలేదని తాతగారి పడక్కుర్చీని సాగనంపేవారు, గదిలో అన్నిటికంటే ఎక్కువ అర్థమున్న వస్తువును సాగనంపుతున్నారు.

మొదలుపెట్టేవారికి

ఇంతసేపు చెప్పుకున్నదాన్ని ఆచరణలో పెట్టడానికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. ముందు ఫోనుతో గదిని ఫొటో తీసి, దాన్ని నలుపు తెలుపులోకి మార్చండి. వర్ణాలు పోయి లేత, ముదురు మాత్రమే మిగులుతాయి. ముదురంతా ఒకే మూలన గుమికూడి ఉంటే ఆ మూల బరువెక్కినట్టే. ఒక ముదురు వస్తువును ఎదుటి వైపుకు జరపండి. ఎక్కడా ముదురు లేకపోతే గది తేలిపోతున్నట్టు ఉంటుంది, భోషాణానికి అదే తగిన ఇల్లు.

తరవాత ఏ శైలి గదిని నడిపిస్తుందో తేల్చుకోండి. రెండు శైలులకు సగం సగం ఇస్తే రెండూ పోట్లాడుకుంటాయి. గదిలో పెద్ద భాగం ఒకదానికి, చిన్న భాగం రెండోదానికి ఇవ్వాలి. అలంకరణ నిపుణులు 60, 30, 10 పాళ్లలో రంగులు పంచమంటారు. అది ప్రయోగశాలలో తేలిన సూత్రం కాదు, వారి అనుభవం నుంచి వచ్చిన కొండగుర్తు. అయినా ఒకటి ముందుండి మిగతావి వెనకుండటం కన్ను గుంపులు కట్టే తీరుకు సరిపోతుంది. చిన్న వాటా పొందిన శైలి గదిలో కనీసం మూడు చోట్ల కనిపించేలా చూడండి. కింద తివాచీతో హద్దు గీయండి. దీపం మార్చండి. వస్తువులు కొనడం అన్నిటికంటే చివర.

కొనేటప్పుడు మన చేతిపనివారి వైపు ఒకసారి చూడండి. పొనికి కర్రతో చేసిన కొండపల్లి బొమ్మ, ఏటికొప్పాక లక్క బొమ్మ, పోచంపల్లి చేనేత, ఆదిలాబాద్ డోక్రా, పెంబర్తి ఇత్తడి, వరంగల్ జంపఖానా ఏ దేశపు శైలితోనైనా కలిసి నిలబడతాయని పైన చూసిన విజ్ఞానమే చెబుతోంది. వాటి అణిగిన రంగులు, చేతి పనిలోని సహజమైన తేడాలు, కర్ర, నూలు, లోహం లాంటి పదార్థాలు ఏ గదికైనా పోలికను, కొత్తదనాన్ని కలిపి ఇస్తాయి. ఆ పనివారికి ఆర్డరు ఇవ్వడం అంటే మన ఇంటితో పాటు వారి ఇల్లూ నిలబెట్టడం. పాత వస్తువును అమ్మేసే ముందు దాని వెనక గోడ రంగు, పైన దీపం, అది నిలిచిన చోటు మార్చి చూడండి. ఈ మూడూ మార్చి చూశాక కూడా నచ్చకపోతే అప్పుడు అమ్మండి. చాలా ఇళ్లలో ఆ అవసరం రాదు.